పోలండ్ తన చిన్నారి గొంతును ఎంచుకునే తీరు: ముందు పాటా, ముందు పాపా?

విస్తులా_తీరం (చర్చ ప్రారంభించినవారు)
శనివారం, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. మేము క్రాకోవ్‌లో కాపురం పెట్టి తొమ్మిదేళ్లు దాటింది. మా అమ్మాయి ఇక్కడి బడిలో పిల్లల బృందగానంలో పాడుతుంది. అందువల్ల యూరప్ దేశాలు తమ పిల్లలను పంపే జూనియర్ యూరోవిజన్ పాటల పోటీకి పోలండ్ తరఫున ఈసారి ఎవరు వెళ్తారన్నది, వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచిన నాటి నుంచి మా ఇంట్లో అన్నం దగ్గర కూడా నలిగే విషయం.

ఈ పోటీ 2003 నవంబరులో కోపెన్‌హాగన్‌లో మొదలైంది. ఇప్పటి నియమాల ప్రకారం 9 నుంచి 14 ఏళ్ల పిల్లలు పాడతారు. పాట మూడు నిమిషాలు దాటకూడదు, అందులో ఎక్కువ భాగం ఆ దేశపు భాషలో ఉండాలి, ప్రధాన గానం వేదిక మీద అప్పటికప్పుడు పాడాలి. పోలండ్ తొలి ఏడాది చిట్టచివరన నిలిచింది. 2004 తర్వాత పదకొండేళ్లు అటువైపు చూడకుండా 2016లో తిరిగివచ్చింది. వచ్చిన మూడో ఏడాదే, 2018లో, మిన్‌స్క్‌లో రోక్సానా వెంగ్యెల్ గెలిచింది. మరుసటి ఏడాది సొంతగడ్డ మీద, గ్లివిత్సే నగరంలో, వికీ గాబోర్ గెలిచింది. వరుసగా రెండుసార్లు గెలిచిన దేశం అంతకుముందు లేదు, తన ఇంట్లో జరిగిన పోటీని గెలిచిన దేశమూ లేదు.

నేను ఈ చర్చ మొదలుపెట్టింది ఆ గెలుపుల కోసం కాదు, వాటికి ముందు జరిగిన ఎంపిక కోసం. ఈ కొద్ది ఏళ్లలోనే పోలండ్ మూడు పద్ధతులు పాటించింది. 2016లోనూ 2017లోనూ పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో కొత్త పాటతో వచ్చి పోటీపడ్డారు. ఒలీవియా వియెచోరెక్, అలిత్సియా రెగా అలా వెళ్లినవారే. 2018లో జాతీయ ప్రసార సంస్థ టీవీపీ పోటీ ఏదీ పెట్టకుండా రోక్సానాను తానే ఎంపిక చేసింది. 2019లో మాత్రం ‘షాన్సా నా సుక్‌సెస్’ అనే పాత కార్యక్రమాన్ని ఎంపికకు వేదిక చేశారు. ఆ మాటకు ‘విజయానికి ఒక అవకాశం’ అని అర్థం. 1993 నుంచి 2012 వరకు వోయ్‌చెహ్ మాన్ నడిపిన ఆ కార్యక్రమాన్ని ఇక్కడ ఎరగని ఇల్లు ఉండదు. మామూలు మనుషులు వచ్చి, చీటీ తీసినట్టుగా తమ వంతుకు ఏ పాట వస్తే ఆ పాట, అందరికీ తెలిసిన పాటనే, పాడి వెళ్లేవారు. పిల్లల ఎంపికలోనూ ఆ ఛాయ నిలిచింది. సెమీఫైనళ్లలో ఇతరుల పాటలు పాడి నెగ్గినవారే ఫైనల్‌కు వెళ్లి, తమకోసం తయారైన కొత్త పాట పాడారు.

నా ప్రశ్న ఇది. దేశం ఎంచుకుంటున్నది ఎవరిని? ఏ పాట ఇచ్చినా పాడగల పిల్లనా, లేక ఒక పాటను తనదిగా చేసుకున్న పిల్లనా? ఈ రెండూ ఒకటి కావని మా అమ్మాయి బృందాన్ని చూస్తున్నకొద్దీ నాకు బలంగా అనిపిస్తోంది. మీ అభిప్రాయాలు వివరంగా రాయగలరు.

కార్డిఫ్_వాన
శనివారం, రాత్రి 11:32

విస్తులా గారూ, మంచి ప్రశ్న ఎత్తారు. నేను వేల్స్‌లో ఉంటున్నాను. మీ ప్రశ్నకు ఇక్కడి అనుభవం నుంచి ఒక జవాబు చెప్పగలను, కానీ దానికి ముందు కొంత నేపథ్యం అవసరం.

వేల్స్ దేశంలో వెల్ష్ మాట్లాడగలిగినవారు 2021 జనగణన ప్రకారం సుమారు 5,38,000 మంది. ఆ భాషకంటూ ఉన్న టీవీ ఛానల్ ఎస్ ఫోర్ సి, 1982లో మొదలైంది. అది ఊరికే రాలేదు. ప్రత్యేక ఛానల్ ఇస్తామన్న మాటను ప్రభుత్వం వెనక్కు తీసుకున్నప్పుడు, 1980లో, గ్విన్‌వోర్ ఎవాన్స్ అనే నాయకుడు ఆమరణ నిరాహారదీక్షకు కూర్చుంటానని ప్రకటించారు. దీక్ష మొదలుకాకముందే ప్రభుత్వం దిగివచ్చింది. పొట్టి శ్రీరాములు గారి కథ వింటూ పెరిగిన మనకు ఈ మాట వినగానే గుండె కలుక్కుమంటుంది. మన కథలో ప్రభుత్వం సకాలంలో దిగిరాలేదు.

ఆ ఛానలే 2018లో తొలిసారి పిల్లల పోటీకి వేల్స్‌ను పంపింది. ఎంపిక కార్యక్రమం పేరు ‘ఖ్విలియో ఆమ్ సెరెన్’, అంటే నక్షత్రం కోసం వెతుకులాట. దేశంలోని ఊళ్లు తిరిగి పిల్లల పాట విన్నారు. ఎంపికైనవారికి అనుభవజ్ఞులైన కళాకారుల చేత శిక్షణ ఇప్పించారు. చివరి రోజు ఉత్తరాన సముద్రపు ఒడ్డునున్న హ్లాన్‌డిడ్నో పట్టణంలో ప్రత్యక్ష ప్రసారం జరిగింది. మానూ అనే అమ్మాయి గెలిచింది. మిన్‌స్క్‌లో 20 దేశాలు పాల్గొన్న ఆ పోటీలో ఆమె పాట ‘పెర్టా’ 29 పాయింట్లతో ఇరవయ్యో స్థానంలో నిలిచింది. తర్వాతి ఏడాది ఎరిన్ మై గ్లివిత్సేలో 19 మందిలో పద్దెనిమిదో స్థానం పొందింది.

ఫలితాల పట్టిక మాత్రమే చూసేవారికి ఇది వైఫల్యం. ఇక్కడ ఉండి చూసిన నాకు అలా అనిపించలేదు. పక్కింటి పిల్లలు వెల్ష్ మాధ్యమ బడిలో చదువుతారు. బడిలో వెల్ష్, వీధిలో ఇంగ్లీషు అన్న అలవాటు వాళ్లది. ఆ సంవత్సరం శరత్కాలమంతా వాళ్లు వీధిలో ఆడుకుంటూ వెల్ష్ పాటలు పాడటం నా చెవులతో విన్నాను. పోటీకి పంపే పిల్ల కోసం వెతుకుతూ ఊరూరా తిరగడంలోనే ఆ భాషకు జరగవలసిన మేలు సగం జరిగిపోయింది. కనుక మీ ప్రశ్నలో ఒక మూడో సంగతి కూడా చేర్చాలి. పాటా, పాపా అన్న రెండింటితోపాటు, ఎంపిక జరిగే దారి ఎవరెవరి గుమ్మం ముందు నుంచి వెళ్తుందన్నది కూడా ముఖ్యం.

లెక్కల_పంతులు
ఆదివారం, ఉదయం 7:05

కార్డిఫ్ గారు చెప్పింది మనసుకు తాకింది, కానీ ఓట్లు ఎలా పడతాయో చూడకుండా ఎంపిక గురించి మాట్లాడటం కుదరదని నా నమ్మకం.

2017 నుంచి ఈ పోటీలో సగం పాయింట్లు నిపుణుల బృందాలు ఇస్తాయి, సగం ఆన్‌లైన్ ఓటు నుంచి వస్తాయి. ఆన్‌లైన్ ఓటు వేసేవారు కనీసం మూడు పాటలను ఎంచుకోవాలి, వాటిలో తమ దేశపు పాటా ఉండవచ్చు. ఓటింగు ప్రసారానికి ముందే మొదలవుతుంది. అంటే పాట వేదిక మీద వినబడకముందే కొన్ని ఓట్లు పడిపోతాయి. ఆ ఓట్లు ఎవరికి పడతాయి? అప్పటికే పరిచయమైన ముఖానికి పడతాయి.

రోక్సానా విషయం చూడండి. 2018 ఆరంభంలో పోలండ్‌లో ‘ది వాయిస్ కిడ్స్’ అనే పిల్లల పాటల టీవీ పోటీ తొలి విడత జరిగింది. ఆమె గెలిచింది ఎదీతా గూర్న్యాక్ శిక్షణలో. 1994లో పోలండ్ తొలిసారి పెద్దల యూరోవిజన్‌కు వెళ్లినప్పుడు రెండో స్థానం తెచ్చిన గాయని ఆమే. ఆ ఏడాది చివరికి మిన్‌స్క్‌లో రోక్సానాకు మొత్తం 215 పాయింట్లు వచ్చాయి. నిపుణుల ఓట్లలో ఆమె మొదటి స్థానంలో లేదు, ఆన్‌లైన్ ఓటే ఆమెను గెలిపించింది. వికీ గాబోర్ కూడా అదే కార్యక్రమపు రెండో విడత ఫైనల్‌కు చేరిన పిల్ల. ఆమెకు వచ్చిన 278 పాయింట్లలో 166 ఆన్‌లైన్ ఓటువే. 2021లో పారిస్‌లో 218 పాయింట్లు తెచ్చి, కేవలం 6 పాయింట్ల తేడాతో ఆర్మీనియా వెనక నిలిచిన సారా జేమ్స్ కూడా ఆ కార్యక్రమంలో గెలిచిన అమ్మాయే.

ఈ ముగ్గురిలో ఒకరిని సంస్థే ఎంచుకుంది, ఇద్దరు బహిరంగ పోటీలో నెగ్గారు. పద్ధతులు వేరైనా ముగ్గురూ వచ్చిన తలుపు ఒకటే. కాబట్టి పోలండ్ నిజమైన ఎంపిక ‘షాన్సా’లో జరగలేదు, అంతకు ముందే జరిగిందని నేనంటాను. ఇక వేల్స్‌కు 29 పాయింట్లే ఎందుకు వచ్చాయో వేరే చెప్పనక్కరలేదు. ఆ అమ్మాయి గొంతులో లోపం లేదు, ఆమె ముఖం తెలిసినవారి సంఖ్య తక్కువ.

తంబుర_శ్రుతి
ఆదివారం, ఉదయం 10:48

నేను విజయనగరంలో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు సంగీతం చెప్పినవాణ్ణి. యూరప్ పోటీల గురించి నాకు పెద్దగా తెలియదు. మా మనవడు చూపిస్తే నాలుగైదు ఏళ్ల పాటలు వరసగా విన్నాను. విన్నంతలో నాకు తోచింది రాస్తాను.

విస్తులా అమ్మా, నువ్వు అడిగిన ప్రశ్నను మేము పాఠం చెప్పేటప్పుడు ఇంకోలా అడుగుతాం. పిల్లకు శ్రుతి ముందా, కృతి ముందా అని. పదేళ్ల పిల్ల గొంతు ఒక ఏడాదిలో ఎటు మారుతుందో చెప్పలేం. అమ్మాయిల్లో కూడా పన్నెండు పదమూడేళ్ల దగ్గర గొంతు గాలి కలిసినట్టు పలచబడి, మళ్లీ చిక్కబడుతుంది. మగపిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. ఇవాళ తారస్థాయి పంచమం అలవోకగా అందుకున్న పిల్లవాడు మూడు నెలల తర్వాత షడ్జం దగ్గరే తడబడతాడు. అప్పుడు వాడికి దిగువ శ్రుతి పెట్టి, పై స్వరాలు కొన్నాళ్లు మరిచిపొమ్మని చెప్పాలి. ఎంపిక ఒక రుతువులో, పాడటం ఇంకో రుతువులో ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. ఈ పోటీలో వయసు పైహద్దును 2016లో 15 నుంచి 14కు తగ్గించారని మనవడు చెప్పాడు. కారణం ఏదైనా, మగపిల్లల గొంతుల దృష్ట్యా నాకది సబబుగా తోచింది.

ఇతరుల పాటలు పాడించి ఎంచుకోవడంలో నాకు ఒక మంచి కనబడుతోంది. పిల్లకు ఎంత తొందరగా పాట పడుతుందో, తన గొంతుకు తగని చోట ఏం చేస్తుందో అందులో తెలుస్తుంది. తగని చోట అరిచే పిల్ల ఒకరు, ఆ స్వరాన్ని తేలికగా తాకి వదిలేసే పిల్ల ఒకరు. రెండో పిల్లకు చెవి ఉంది. గొంతును సాధనతో తెచ్చుకోవచ్చు, చెవి ఉన్న పిల్లను మాత్రం వెతుక్కోవాలి.

అయితే ఇందులో ఒక చెడూ ఉంది. పెద్దల పాటలు పాడించి ఎంచుకుంటే పెద్దల్లా పాడే పిల్లే గెలుస్తుంది. గుండె నుంచి బలంగా లాగి, చివర గమకంలాంటి కంపనం పెట్టి, కన్నుమూసి పాడే తీరు తొమ్మిదేళ్ల పిల్లది కాదు. అది ఎవరిని చూసో నేర్చుకున్నది. నేను విన్న పాటల్లో చాలామంది పిల్లలు ఆ బరువు మోస్తున్నారు. 2020లో పోలండ్ తరఫున పాడిన పదేళ్ల ఆలా త్రాచ్ పాట విన్నప్పుడు, ఆ పసిగొంతుకు ఆ ఎత్తులు అవసరమా అని నాకు బెంగ కలిగింది. పిల్ల బాగానే పాడింది, మోయగలిగింది కూడా. కానీ మోయగలదు కదా అని బిందె మీద బిందె పెట్టం కదా.

మువ్వల_సవ్వడి
ఆదివారం, మధ్యాహ్నం 2:20

ఈ వేదికలో కొత్త సభ్యురాలిని. నాకు ఒక సందేహం. పిల్లలను కెమెరాల ముందు నిలబెట్టి, ఒకరిని గెలిపించి మిగిలినవారిని ఇంటికి పంపడం కంటే, ప్రసార సంస్థే నిశ్శబ్దంగా ఒకరిని ఎంచుకుంటే నష్టం ఏమిటి? ఫ్రాన్స్ అలాగే చేస్తుందని చదివాను. 2020లో వాలెంతీనా, 2022లో లిసాండ్రో, 2023లో జోయీ క్లోజూర్ అలా వెళ్లి గెలిచినవారే కదా. నాలుగేళ్లలో మూడు గెలుపులు, ఏ పిల్లా టీవీలో ఓడిపోకుండానే.

విస్తులా_తీరం
ఆదివారం, సాయంత్రం 6:15

మువ్వల గారికి స్వాగతం. నా ప్రశ్నకు అసలైన పదును మీరే పెట్టారు. అందరికీ వరుసగా బదులిస్తాను.

ముందు మాస్టారికి. గొంతు, చెవి గురించి మీరన్న మాట మా అమ్మాయి బృందాన్ని నడిపే ఆవిడకు అనువదించి చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, తన బృందంలో చెవి ఉన్న పిల్లలు ముగ్గురున్నారని, ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా ఏ ఎంపికలోనూ మొదటి మెట్టు దాటలేదని చెప్పింది. వాళ్లు బృందంలో పాడటానికి అలవాటు పడినవారు, పక్క గొంతును వింటూ తమ గొంతును తగ్గించుకుంటారు. ఒక్క నిమిషంలో తేల్చే ఎంపికలో ఆ గుణం బలహీనతలా కనబడుతుంది. మా బడి పిల్ల ఒకతె కిందటేడు ఒక పోటీ ఎంపికకు వెళ్లి, పాట మొదటి చరణం పూర్తికాకుండానే చాలన్న మాట విని వచ్చింది. ఆమె తర్వాత రెండు నెలలు బృందానికి రాలేదు. వచ్చిన రోజున కూడా వెనక వరుసలో నిలబడింది.

లెక్కల పంతులు గారూ, ముగ్గురూ ఒకే తలుపు నుంచి వచ్చారన్న మీ మాట నిజమే. ఆ తలుపు ఎవరికి తెరుచుకుందో కూడా చూడండి. వికీ హాంబుర్గ్‌లో పుట్టిన పిల్ల, యూరప్‌లో అల్పసంఖ్యాకులైన రోమా జాతి కుటుంబానిది. సారా తండ్రి నైజీరియా దేశస్థుడు. ఈ దేశంలో రోమా పిల్లల మీద ఉన్న చిన్నచూపు నేను బడి గుమ్మం దగ్గర చూస్తూనే ఉన్నాను. గ్లివిత్సేలో నిండిన హాలు మధ్య ఆ పదమూడేళ్లు కూడా నిండని పిల్ల పోలండ్ జెండా పట్టుకుని నిలబడినప్పుడు, నల్లటి జుట్టు, చామనఛాయ ఉన్న మా అమ్మాయి టీవీకి ఎంత దగ్గరగా జరిగి కూర్చుందో నాకు గుర్తుంది. బహిరంగంగా, అందరి ఓటుతో జరిగిన ఎంపిక కాబట్టే, ఈమె మా పిల్ల కాదని అనడానికి ఎవరికీ వీలు లేకపోయింది. సంస్థ గదిలో కూర్చుని ఎంచుకుని ఉంటే ఆ మాట తప్పకుండా వచ్చేది. మువ్వల గారూ, నిశ్శబ్ద ఎంపికలో నాకు కనబడే నష్టం ఇదే.

అయినా మీరు చెప్పిన లాభాన్ని నేను తోసిపుచ్చలేను. ఆ వెనక వరుసలో నిలబడిన పిల్ల ముఖం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

అమ్మమ్మ_కచేరి
ఆదివారం, రాత్రి 8:50

పిల్లలు టీవీలో ఓడిపోవడం గురించి నాదొక మాట. ఓడిపోవడం వేరు, ఓడించిన తీరు వేరు.

మనవైపు 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పుడు మా ఇంట్లో పనులన్నీ ఆపుకుని కూర్చునేవాళ్లం. బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లవాడు పాడినదాంట్లో తప్పు చెప్పకుండా వదిలేవారు కాదు. ఏ అక్షరం ఒత్తి పలకలేదో, ఏ సంగతి జారిపోయిందో చెప్పి, ఒక్కోసారి తానే పాడి చూపించేవారు. ఆ పాట ఎవరు రాశారో, ఎవరు స్వరపరిచారో చెప్పేవారు. తప్పు విన్న పిల్లవాడు ఏదో నేర్చుకున్న ముఖంతో వెనక్కు వెళ్లేవాడు. ఆయన 2020 సెప్టెంబరులో పోయినప్పుడు, ఆ కార్యక్రమంలో గెలవని పిల్లలు కూడా ఆయన తమకు చెప్పిన ఒక్కో దిద్దుబాటును తలచుకుని ఏడ్చారు.

తర్వాత తర్వాత అనేక కార్యక్రమాలు వచ్చాయి. ఫలితం చెప్పేముందు దీపాలు ఆర్పి, డోలు శబ్దం పెంచి, పిల్ల కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఆగి, ఆ కన్నీటిని దగ్గరగా చూపించే పద్ధతి మొదలైంది. అది చూడలేక మా ఇంట్లో టీవీ కట్టేసేవాళ్లం. పోలండ్ అయినా, వేల్స్ అయినా, ఎంపిక ఏ పద్ధతిలో జరిగిందని అడిగేముందు, ఓడిన పిల్ల ముఖం మీద కెమెరా ఎంతసేపు నిలిపారని నేను అడుగుతాను.

కార్డిఫ్_వాన
ఆదివారం, రాత్రి 11:05

అమ్మమ్మ గారికి నా నమస్కారాలు. మీరు అడిగిన ప్రశ్న ఇంతవరకు మేమెవరమూ అడగలేదు.

పంతులు గారితో మాత్రం ఒక విషయంలో విభేదిస్తున్నాను. తెలిసిన ముఖానికే ఓట్లు పడతాయన్నది పూర్తి నిజమైతే చిన్న దేశాలేవీ గెలవకూడదు. మాల్టా జనాభా అయిదారు లక్షలు. అది 2013లోనూ, 2015లోనూ గెలిచింది. 2015లో గెలిచిన డెస్టినీ చుకున్యెరె ఆరేళ్ల తర్వాత పెద్దల యూరోవిజన్‌లో ఏడో స్థానం పొందింది. మంచి గొంతుకు తగిన పాట దొరికితే ముఖం తెలియకపోయినా వింటారు.

లెక్కల_పంతులు
సోమవారం, ఉదయం 6:40

మాల్టా గెలిచిన రెండేళ్లలోనూ ఆన్‌లైన్ ఓటు లేదు, కనుక ఆ ఉదాహరణ నా వాదానికి అడ్డు రాదు. కానీ మీ మాటకు బలమిచ్చే ఉదాహరణ నేనే ఇస్తాను. అది జార్జియా.

2024 వరకు చూస్తే ఈ పోటీలో అన్నిటికంటే ఎక్కువసార్లు, 2008, 2011, 2016, 2024లలో, గెలిచిన దేశం అదే. ఇటీవలి ఏళ్లలో అక్కడ ఎంపిక ‘రనినా’ అనే కార్యక్రమంలో జరుగుతుంది. కొద్దిమంది పిల్లలు విడత తర్వాత విడతగా వేర్వేరు తీరుల పాటలు పాడతారు, సంగీతజ్ఞులు మార్కులు వేస్తారు, చివరికి గెలిచిన బిడ్డకు ఆ తర్వాత పాట తయారవుతుంది. 2024లో మాడ్రిడ్‌లో గెలిచిన ఆంద్రియా పుట్కరాడ్జే అలా వచ్చినవాడే. విస్తులా గారి భాషలో చెప్పాలంటే ఇది ముందు పాప, తర్వాత పాట పద్ధతి. కానీ ఇక్కడ పాపను ఒక్క నిమిషంలో తేల్చరు, చాలాసార్లు విన్నాక తేలుస్తారు. మాస్టారు చెప్పిన ‘చెవి’ బయటపడటానికి ఆ వ్యవధి చాలు.

నెదర్లాండ్స్ ఇందుకు భిన్నం. 2003 నుంచి 2024 వరకు ఒక్క ఏడాది కూడా మానకుండా పాల్గొన్న ఆ దేశంలో ఎంపిక రాత్రి పెద్దల నిపుణుల బృందంతోపాటు పిల్లల న్యాయనిర్ణేతల బృందం కూడా ఉంటుంది. పిల్లల పాటను పిల్లలు తూచడం నాకు న్యాయంగా కనిపిస్తుంది. ఇది పోలండ్ తీసుకోదగిన పద్ధతి అనుకుంటున్నాను.

తంబుర_శ్రుతి
సోమవారం, ఉదయం 11:30

పంతులు గారూ, చాలాసార్లు విన్నాక తేల్చడమన్నది మీరు చెప్పినవాటన్నిటిలో నాకు మిక్కిలి నచ్చింది.

ఇంకొక సంగతి ఎవరూ ఎత్తలేదు, భాష. పోలండ్ పాటల పేర్లు మనవడి చేత వరసగా రాయించాను. 2016లో ‘న్యే జపోమ్నీ’, 2017లో ‘ముయ్ దోమ్’. ఒకదానికి ‘మరిచిపోకు’ అని, రెండోదానికి ‘నా ఇల్లు’ అని అర్థమట. 2018 నుంచి 2023 వరకు ‘ఎనీవన్ ఐ వాంట్ టు బీ’, ‘సూపర్‌హీరో’, ‘ఐల్ బీ స్టాండింగ్’, ‘సమ్‌బడీ’, ‘టు ద మూన్’, ‘ఐ జస్ట్ నీడ్ ఎ ఫ్రెండ్’. పేర్లన్నీ ఇంగ్లీషే. చరణం పోలిష్‌లో నడిచి, పల్లవికి వచ్చేసరికి ఇంగ్లీషులోకి మారిపోతుంది. ఎక్కువ భాగం సొంతభాషలో ఉండాలన్న నియమాన్ని తప్పలేదు, నిజమే. కానీ పాట విన్నవాడి నోట మిగిలేది పల్లవే. మువ్వల గారు చెప్పిన ఫ్రాన్స్ పిల్లల పాటల్లో పల్లవి వాళ్ల భాషలోనే ఉంది. వాళ్లు దానితోనే గెలిచారు.

విదేశాల నుంచి సెలవులకు వచ్చే మన పిల్లలకు నేను కీర్తనలు చెబుతుంటాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతారు. స్వరం తప్పదు, తాళం తప్పదు. ‘ళ’ మాత్రం ‘ల’ అయిపోతుంది, ఒత్తులు పోతాయి. తెలుగు అక్షరాలు నేర్పి అదే కీర్తన మళ్లీ పాడిస్తే గొంతు బరువే మారిపోతుంది. మాట నోటిలో ఎక్కడ పుడుతుందో తెలిసిన గొంతు వేరుగా పలుకుతుంది. కార్డిఫ్ గారి వీధిలో పిల్లలు పాడుకున్నది చివరి స్థానంలో నిలిచిన భాషలోనే కదా. ఎంపిక చేసేవారికి నాదొక సలహా. పిల్ల చేత ఇంగ్లీషు పాట ఎంత బాగా పాడించినా, ఒక్కసారి తన అమ్మభాషలో జోలపాట పాడించి వినాలి. అందులో దాచుకోవడానికి ఏమీ ఉండదు.

మువ్వల_సవ్వడి
సోమవారం, మధ్యాహ్నం 3:12

మాస్టారూ, రోమా కుటుంబపు పిల్లకు అమ్మభాష ఏది అవుతుంది? పోలండ్ తరఫున పాడాలంటే పోలిష్‌లోనే జోలపాట పాడాలా?

తంబుర_శ్రుతి
సోమవారం, సాయంత్రం 5:02

అమ్మా, మంచి మాట అడిగావు. వాళ్ల అమ్మ ఏ భాషలో జోకొట్టిందో ఆ భాషలోనే పాడాలి. గొంతు తెలుసుకోవడానికి ఏ భాష అయినా ఒకటే. ‘తన అమ్మభాష’ అని నేను రాసింది పిల్ల గురించే, దేశం గురించి కాదు.

విస్తులా_తీరం
సోమవారం, రాత్రి 10:25

ఈ మూడు రోజుల్లో నా అభిప్రాయం కొంత మారింది. మొదట రాసినప్పుడు, ప్రతి పిల్లా తన పాటతో రావాలని, 2016 నాటి పద్ధతే న్యాయమని లోపల అనుకుంటూ రాశాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. సొంత పాట తయారు చేయించుకోగల ఇంటి పిల్లలే ఆ పద్ధతిలో ముందుంటారని పంతులు గారి లెక్కలు చదువుతున్నప్పుడు తోచింది. అందరికీ తెలిసిన పాటను, చీటీలో వచ్చిన పాటను, పాడమన్నప్పుడు పేదింటి పిల్లా కలవారి పిల్లా ఒకే పాట ముందు నిలబడతారు. ‘షాన్సా’లో నాకు కనబడని న్యాయం అది. అయితే దాన్ని జార్జియాలో లాగా పలుమార్లు వినే పద్ధతికి పెంచి, నెదర్లాండ్స్‌లో లాగా పిల్లల చేతికి కొన్ని మార్కులు ఇచ్చి, గెలిచిన బిడ్డ గొంతు కొలిచాకే పాట కట్టాలి. టీవీపీ వారికి వీక్షకులు ఉత్తరాలు రాయవచ్చు. మా అమ్మాయి బృందం నడిపే ఆవిడ, నేను కలిసి పోలిష్‌లో ఒకటి రాస్తున్నాం. అమ్మమ్మ గారు అడిగిన కెమెరా సంగతి అందులో మొట్టమొదటి పేరాలో పెట్టాం.

మాస్టారి జోలపాట మాట ఇవాళ సాధనకు వెళ్లినప్పుడు ఆవిడకు చెప్పాను. ఆవిడ వెంటనే పిల్లలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరిని ఇంట్లో విన్న జోలపాట పాడమంది. బృందంలో ఉక్రెయిన్ నుంచి వచ్చిన పిల్లలు నలుగురున్నారు, వాళ్ల పాట ఒకరు మొదలుపెడితే మిగిలిన ముగ్గురూ అందుకున్నారు. మా అమ్మాయి మా అత్తగారు నేర్పిన ‘జో అచ్యుతానంద’ పాడింది. వెనక వరుసలో నిలబడే ఆ పిల్ల తన వంతు వచ్చినప్పుడు కాసేపు నేల చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా, పక్కవాళ్లకు మాత్రమే వినబడేంత గొంతుతో పాడింది. గదిలో పద్దెనిమిది మంది పిల్లలున్నారు. అది వినడానికి అందరూ ముందుకు వంగారు.